కదిరమ్మ తవ్విన ఉప్పు గుంత

మనుషుల్ని నేను అంత సులువుగా నమ్మను. కరెంటు పని చేసేవాడికి ఆ గుణం లేకపోతే బతికి బట్ట కట్టలేడు. మెయిన్ ఆపేశానని ఇంటాయన బిడ్డల మీద ఒట్టేసి చెప్పినా, టెస్టరు పెట్టి చూసుకున్నాకే వైరు ముట్టుకుంటాను. అట్లాంటి నేను ఈ ఊళ్ళో అందరికంటే ఎక్కువగా అనుమానపడింది కదిరమ్మ వదిన మీద. ఆమె ఏదో తప్పు చేసిందని కాదు. నేను చేసిన తప్పు ఆమెకు తెలిసిపోయిందేమోనని.

నా పేరు ఓబులేష్. తనకల్లుకు నాలుగు మైళ్ళ లోపల మా ఊరు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ ఏ ఇంట్లో బల్బు వెలగాలన్నా, ఏ చేన్లో మోటరు తిరగాలన్నా నన్నే పిలుస్తారు. కదిరమ్మ భర్త ఆంజినప్ప నాకు వరసకు అన్న. వాళ్ళది రెండెకరాల వేరుశనగ చేను, అందులో ఒక బోరు. ఆ బోరు మోటరుకు స్టార్టరు పెట్టె బిగించింది నేనే. ఆ ఇనప పెట్టె నుంచి ఒక ఆకుపచ్చ వైరు భూమిలోకి దింపాలి. లోపల ఎక్కడైనా కరెంటు లీకై పెట్టెకు పాకితే, అది మనిషి మీదికి రాకుండా ఆ వైరు గుండా మట్టిలోకి పోతుంది. నేను పని నేర్చుకున్నప్పుడు నేర్పింది అట్లాగే. కానీ మాది రాతి నేల. అడుగు లోతు పోగానే గడ్డపార ఖంగుమంటుంది. ఆ రోజు ఎండ మాడుస్తోంది, ఇంకో ఇంట్లో పని కాచుకుని ఉంది. వైరు దింపకుండానే మూత బిగించి వచ్చేశాను. అన్న అడగలేదు. అట్లాంటిది ఒకటి అడగాలని ఆయనకు తెలియదు.

రెండేళ్ళ తర్వాత ఒక పొద్దున మూడు ఫేజుల కరెంటు వచ్చిందని ఆంజినప్పన్న కాలవలోంచి తడికాళ్ళతోనే పోయి ఆ పెట్టె ముట్టుకున్నాడు. మళ్ళీ లేవలేదు. మోటరు చెడిపోయిందని ఒకరన్నారు, కాలం చెల్లిందని ఇంకొకరన్నారు. నేను పాడె మోశాను, నోరు మాత్రం విప్పలేదు. పదకొండేళ్ళుగా విప్పలేదు.

ఆ మరుసటి ఏడాది కదిరమ్మ, పదేళ్ళ కూతురు మహేశ్వరిని తన తల్లి దగ్గర వదిలి ఇంటిపనికని కువైట్ పోయింది. కదిరి చుట్టుపక్కల ఇదేమీ వింత కాదు, వానలు మొహం చాటేసిన ప్రతిసారీ మా వైపు ఆడవాళ్ళు నలుగురైదుగురు విమానం ఎక్కుతారు. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో చేసింది. ఎనిమిదో ఏట ఒకసారి వచ్చి, పద్దెనిమిది నిండిన మహేశ్వరికి తనకల్లులో సంబంధం చూసి పెళ్ళి చేసి మళ్ళీ పోయింది. పోయిన వేసవిలో పూర్తిగా తిరిగొచ్చేసింది.

పోయేటప్పుడు ఎదుటి మనిషి మొహం చూసి మాట్లాడటానికి కూడా జంకే మనిషి. వచ్చాక కంటికి కనిపించిన ప్రతిదాన్నీ పోలీసులా చూడడం మొదలుపెట్టింది. మందుబిళ్ళల అట్ట తిప్పి తేదీ చూసేది. అంగడి తక్కెడ కింద వేలుపెట్టి తడిమేది. స్విచ్చు వెయ్యాలంటే చెయ్యి కొంగుకు రెండుసార్లు తుడుచుకునేది. ఊళ్ళో నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

వచ్చిన వారానికే నన్ను పిలిచింది. కువైట్ నుంచి తెచ్చుకున్న నీళ్ళు కాచే కెటిలుకు ప్లగ్గు లావుగా, మూడు పలకల కడ్డీలతో ఉంది. మన బోర్డు గుండ్రటి బెజ్జాలలో అది దూరదు.

"కోసి మనది పెడతా వదినా," అన్నాను.

కోశాను. లోపల గోధుమరంగు వైరొకటి, నీలంది ఒకటి, పసుపూ పచ్చా చారలది ఒకటి. నా సంచిలో ఉన్నది రెండు పుల్లల ప్లగ్గు. రెండు వైర్లు అందులో బిగించి, మూడోదాన్ని వెనక్కి మడిచి టేపు చుట్టాను. ఇరవై రెండేళ్ళుగా నా చెయ్యి అట్లాగే చేస్తోంది. ఆమె పక్కన గొంతుక్కూర్చుని ఒక్కో మెలికా చూస్తోంది.

"ఆ మూడోది యాడికి పోయె?"

"అది ఉత్తదే వదినా. మన దేశంలో దాంతో పన్లేదు."

"ఆడ ఉండాది గదా."

"వాళ్ళకు దుడ్లు ఎక్కువ. ఒక వైరు ఎక్కువేసుకుంటారు."

"ఆడ రెండొందల నలభై అంట, అడిగి తెలుసుకున్యా. ఈడ ఎంతప్పా?"

"ఇంచుమించు అంతే."

"అంతే అయితే ఆడ కొట్టేది ఈడ కొట్టదా?"

సంచి సర్దుకున్నాను. దేశం మారితే కరెంటు తీరు మారుతుందని నాకు తెలియనిది కాదు. సౌదీలో పాత ఇండ్లలో నూటిరవై చిల్లర ఓల్టులది కూడా ఉండేదట. మా ఊరి కూలి మారెప్ప అక్కడినుంచి తెచ్చిన ఇస్త్రీపెట్టెను మా బోర్డులో పెట్టగానే పొగలు కక్కింది, నా కళ్ళ ముందే. కువైట్ కరెంటు అట్లా కాదు, మనదానికి అక్క చెల్లెలే. తేడా అంతా అది ఇంట్లోకి వచ్చాక దానికి వేసే కట్టడిలో ఉంది. ఆ సంగతి ఈమెకు ఎవరు చెప్పారు, ఎంతవరకు చెప్పారు అన్నదే నా గుబులు.

అది కొన్నాళ్ళకే తెలిసింది. విత్తనానికి కాయలు వలుస్తూ ఆమె అరుగు మీద ఆడవాళ్ళు చేరేవాళ్ళు. నేను ఎదురు స్తంభం దగ్గర సర్వీసు వైరు సరిచేస్తున్నాను. కదిరమ్మ కువైట్ నీళ్ళ గురించి చెబుతోంది. అక్కడ వేసవిలో మిద్దెమీది ట్యాంకు కుతకుతలాడిపోతుందట. చల్లనీళ్ళ కొళాయి తిప్పితే చెయ్యి బొబ్బలెక్కుతుందట. అందుకని ఇంట్లో ఉన్న గీజరు స్విచ్చు ఆపేస్తారట. ఏసీ చల్లదనానికి అందులో నీళ్ళు చల్లారి ఉంటాయి కాబట్టి, స్నానానికి వేడినీళ్ళ కొళాయి తిప్పి చల్లనీళ్ళు పట్టుకుంటారట.

"పొయ్యి మీద పెట్టి మంచుగడ్డ చేసుకుంటారేమో," అంది ఒకామె. అందరూ నవ్వారు. కోతలు కోస్తోందనే వాళ్ళ నమ్మకం.

కదిరమ్మ నవ్వలేదు. "నేను గూడా మొదట నమ్మలే. ఆ ఇంట్లో మొదటి రోజు కొళాయి కింద చెయ్యి పెట్టి కాల్చుకున్యా. మామ, అంటే ఇంటామె, గోడ మీద స్విచ్చులు చూపించి నేర్పించింది. ఆడ ఏదీ ఊరకే నమ్మకూడదు, ఏదీ ఊరకే అనుమానించనూ కూడదు. చేసి చూడాల."

తర్వాత ఆమె చెప్పిన మాటకు నా చేతిలో పటకారు ఆగింది. ఒకరోజు బట్టలుతికే యంత్రం మీద తడిచెయ్యి వేసిందట. జుమ్మనేలోపే టక్‌మని ఇల్లంతా చీకటి. మనిషికేమీ కాలేదు. మరమ్మతుకు వచ్చిన మలయాళీ ఆయన బోర్డు విప్పి చూపించాడట. లీకైన కరెంటు పచ్చ వైరు పట్టుకుని మట్టిలోకి పోతుంది, ఒక చిన్న డబ్బా ఆ లీకును కనిపెట్టి కన్ను మూసి తెరిచేలోపు అంతా ఆపేస్తుంది అని.

"ఆ పొద్దు నేను అన్నం తినలే," అంది కదిరమ్మ. "మా ఆయన బతికుండేవాడు గదా అని ఏడిస్తి. ఆ ఇంట్లోవాళ్ళు నాకు దెబ్బ తగిలి ఏడుస్తాండానేమో అనుకున్యారు."

 ఆమె తల తిప్పి నావైపు చూసింది.

"ఓబులేషూ, మీ అన్న స్టార్టరుకు ఆ వైరు ఉండెనా?"

"ఉండె వదినా," అన్నాను. "ఉన్నా గూడా ఒక్కోసారి పని చెయ్యదు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. ఇంటికి పోయాక ఆ బోరు ఎండిపోయి మోటరు అమ్మేశారు గానీ, తుప్పుపట్టిన పెట్టె చేన్లో కొయ్యకు అట్లాగే వేలాడుతోందని గుర్తొచ్చింది. మూత తీస్తే చాలు, వైరు లేని బోల్టు కనిపిస్తుంది. మరుసటి రోజు మధ్యాహ్నం ఒక పాత వైరుముక్క జేబులో వేసుకుని చేనికి పోయాను. ఎందుకు పోయానో దాచను, దొంగ వైరు తగిలించడానికే పోయాను. కొయ్య ఉంది, పెట్టె లేదు.

పాత ఇనుము వాడు పట్టుకుపోయాడేమోనని నాలుగు రోజులు మనసుకు సర్ది చెప్పుకున్నాను. ఐదో రోజు కదిరమ్మ ఇంటి ముందుగా పోతుంటే పెట్టె కనబడింది. అరుగు మీద, గోడకు ఆనించి ఉంది. మూత లేదు. ఆమె పక్కనే కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది.

"ఏమప్పా, బాగుండావా?" అంది, అంతే.

ఆ రోజు నుంచి ఆమె నన్ను చూడడం, నేను ఆమెను చూడడం. ఇద్దరికీ తెలుసు, ఎదుటివాళ్ళకు తెలుసనీ తెలుసు. మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు. పోలీసుల దగ్గరకు పోతుందా, పంచాయితీ పెడుతుందా అని నేను దిగులు పడుతుంటే, ఆమె తన పని తాను చేసుకుంటూ పోయింది. అదే నాకు ఇంకా భయం.

కార్తీకంలో మహేశ్వరి మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బాలింతకు నీళ్ళు కాయడానికి కదిరమ్మ గీజరు కొనింది. మా ఊళ్ళో బాలింతకు ఇప్పటికీ కట్టెల పొయ్యి మీద అండాలో కాచిన నీళ్ళే పోస్తారు, గీజరు నీళ్ళు ఒంటికి పట్టవని ముసలివాళ్ళ వాదన. అది పక్కన పెట్టండి. గీజరు బిగించడానికి ఆమె నన్ను పిలవలేదు. కదిరి నుంచి శశికుమార్ అని ఒక కుర్ర మెకానిక్కును పిలిపించింది. ఊరంతా చూస్తుండగా వాడు బండి దిగి నా ముందునుంచే ఆ ఇంట్లోకి పోయాడు. 

దానికి ముందు మారెప్పను కూలికి పెట్టి పెరట్లో గుంత తవ్వించింది. రాయి పగలగొట్టి నిలువెత్తు తవ్వడానికి రెండు రోజులు పట్టింది. మధ్యలో ఒక ఇనప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గులు, మళ్ళీ ఉప్పు, మళ్ళీ బొగ్గులు పోయించింది. ఆ గొట్టానికి పచ్చ వైరు కట్టించింది. పైన మట్టి కప్పి, గొట్టం నోరు మాత్రం బయటికి ఉంచింది. మా నేలలో తడి ఉండదు. తడి లేని మట్టిలోకి కరెంటు సరిగా దిగదు. అందుకని రోజూ తెల్లారగానే బట్టలుతికిన నీళ్ళు ఒక చెంబెడు ఆ గొట్టంలో పోసేది. పద్ధతి ప్రకారం చెయ్యాల్సింది సరిగ్గా అదే. ఆ పని తెలిసినవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే.

మిగతావాళ్ళకు కనిపించింది వేరు. మొగుడు పోయిన ఆడది, ఇంట్లో నిండు చూలాలు, పెరట్లో నిలువెత్తు గుంత, అందులో ఉప్పూ బొగ్గులూ, పొద్దున్నే ఎవరూ లేవకముందు దానికి నీళ్ళు. రెండు రోజుల్లో ఊరంతా గుప్పుమంది. కువైట్‌లో ఏదో నేర్చుకొచ్చిందన్నారు. ఎవరి కడుపో కొట్టడానికన్నారు. ట్యాంకరు వస్తే గాని బిందె నిండని ఊళ్ళో మంచినీళ్ళు గుంతలో పోస్తోందంటే, అది ఉత్తి పని ఎందుకవుతుందన్నారు.

ఈరప్ప టీ అంగడి దగ్గర తిప్పయ్య పెద్దాయన నన్నే అడిగాడు.

"ఏమప్పా ఓబులేషూ, అది కరెంటుది అంటాంది ఆయమ్మ. నిజమేనా?"

అంగడి ముందు పదిమంది ఉన్నారు. పదిమందివీ నేను వైరింగు చేసిన ఇండ్లే. అవును పెద్దాయనా, అది ఎర్తు గుంత, ప్రతి ఇంటికీ ఉండాల్సిందే అన్నాననుకోండి. మా ఇంటి గుంత యాడ అని పదిమందీ ఒకేసారి అడుగుతారు. తర్వాత ఎవడో ఒకడు ఆంజినప్ప పేరు ఎత్తుతాడు.

"కరెంటుకు ఉప్పూ బొగ్గులూ ఎందుకన్నా?" అన్నాను. "నేనైతే యాడా చూల్యా."

టీ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. నేను గిట్టనివాళ్ళ మీద చాడీలు చెప్పే రకం కాదు. చెప్పాల్సిన చోట నోరు మూసుకునే రకం. రెంటిలో ఏది నీచమో ఆ రోజు తెలిసింది, తెలిసీ అట్లాగే ఉన్నాను.

కదిరి ఆసుపత్రిలో మహేశ్వరికి ఆడబిడ్డ పుట్టింది. తల్లీబిడ్డా ఇంటికి వచ్చారు గానీ గడప తొక్కినవాళ్ళు లేరు. ఊళ్ళో ఏ బాలింతకైనా నీళ్ళు పోసే ముసలమ్మ, నడుము నొప్పని కబురు పంపింది. కదిరమ్మే కూతురికి నీళ్ళు పోసుకుంది, తానే బిడ్డకు సాంబ్రాణి పట్టింది. 

పదకొండో రోజు వియ్యపురాలు రామక్క తనకల్లు నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది, వెంట కొడుకు నాగేశ్వర. మూడో నెల వెళ్ళేదాకా బాలింత పుట్టింట్లోనే ఉండాలి. అట్లాంటిది పదకొండో రోజుకే తీసుకుపోవడానికి వచ్చారంటే, మాట ఎంత దూరం పోయిందో ఊరికి అర్థమైంది. జనం మూగారు. నేనూ పోయాను.

"నీ గుంత నీ ఇష్టం కదిరమ్మా," అంది రామక్క. "నా మనవరాలు మాత్రం ఆ గుంత పక్కన పండుకోదు."

"అది కరెంటు కోసం తవ్విన గుంత వదినా. గీజరు లీకైతే మనిషిని కొట్టకుండా మట్టిలోకి పోయేదానికి."

"మా ఇంట్లో గూడా గీజరుండాది. ఏ గుంతా లేకుండానే నీళ్ళు కాగుతాండాయి. పెట్టింది ఈయప్పే గదా." రామక్క చెయ్యి నావైపు చూపించింది.

కదిరమ్మ నా దగ్గరికి నడిచి వచ్చింది.

"చెప్పు ఓబులేషూ. నీకు తెల్దా ఇది ఏందో?"

ఊరంతా నా మొహం చూస్తోంది. 

"కువైట్ పద్ధతి ఏమో వదినా. నాకు సరిగ్గా తెల్దు."

 ఆమె కూతురి దగ్గరికి పోయి బిడ్డ తలకు గుడ్డ సరిచేసింది.

"మీ ఇంట్లో గీజరు ముట్టుకుంటే జుమ్మంటాదామ్మా?"

"అప్పుడప్పుడు," అంది మహేశ్వరి. "చెప్పులేసుకుని నీళ్ళు పట్టుకుంటాం."

"అందరిండ్లల్లో అంతే," అంది రామక్క. ఆటో కదిలింది.

కదిరమ్మ నా మొహం కూడా చూడకుండా లోపలికి పోయి తలుపు వేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఇంటికి పోయి మంచం మీద కూర్చున్నాను. మహేశ్వరి మాట చెవిలోంచి పోవడం లేదు. జుమ్మంటోందంటే లీకు మొదలై చాన్నాళ్ళయిందన్నమాట. ఇన్నాళ్ళు ఆ ఇంట్లో వాళ్ళు బకెట్టు నింపుకుని, స్విచ్చు ఆపి, చెప్పులతో నిలబడి స్నానం చేశారు కాబట్టి గడిచింది. బాలింత స్నానం అట్లా ఉండదు. చెప్పులుండవు. తడిబండ మీద చాలాసేపు కూర్చోబెట్టి, నీళ్ళు అయిపోతుంటే మళ్ళీ కాచుకుంటూ, మళ్ళీ పట్టుకుంటూ పోస్తారు. నీరసానికి లేవలేక చెయ్యి ఏ కొళాయినో పట్టుకుంటుంది. ఆంజినప్పన్న పడి ఉన్న తీరు కళ్ళ ముందుకొచ్చింది, వేళ్ళు ముడుచుకుని, మొహం నేలకు ఆనుకుని. నేను లేచి బండి తీశాను.

తనకల్లుకు పోయేసరికి రామక్క స్నానానికి అన్నీ సిద్ధం చేసింది. గీజరు ఎర్ర దీపం వెలుగుతోంది. మహేశ్వరి ఒంటికి నూనె రాసుకుని పీట మీద కూర్చోబోతోంది.

"ఆపండి," అన్నాను. "దాన్ని ముట్టుకోవద్దండి."

రామక్క నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "కదిరమ్మ పంపించిందా?"

"లేదు."

"మరి ఎవరు పంపించినారు? గంట ముందు ఏమీ తెల్దంటివే."

మాటలతో ఆమె నమ్మదని తెలిసి టెస్టరు తీసి కొళాయికి ఆనించాను. ఎర్రగా వెలిగింది. మహేశ్వరి రెండడుగులు వెనక్కి వేసింది. రామక్క పోయి తానే మెయిన్ దించింది. వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఎందుకట్ల వెలిగింది?"

"పచ్చ వైరు నేను కలపలేదు రామక్కా. కలపాలంటే గుంత తవ్వాల. కదిరమ్మ వదిన తవ్వించింది అదే. అందులో మంత్రమూ లేదు, తంత్రమూ లేదు."

"నీకు మొదటినుంచీ తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఊరంతా ఆయమ్మను అట్ల అంటాంటే ఊరకుండినావా?"

 ఆమె అరవలేదు, నాగేశ్వర మాత్రం నా చొక్కా పట్టుకున్నాడు. రామక్కే విడిపించి, "కొడితే ఏమొస్తాది, వీనితోనే తవ్వించు," అంది. తర్వాత ఫోను తీసి కదిరమ్మకు చేసింది. "వదినా, తప్పయిపాయ," అనడం వరకు విన్నాను. తర్వాత ఫోను కోడలికిచ్చింది.

మరుసటి పొద్దున కదిరమ్మ మొదటి బస్సుకే వచ్చింది. నేను అప్పటికే వాళ్ళ పెరట్లో తవ్వుతున్నాను. కూలివాడు వద్దన్నాను. ఆమె బిడ్డను ఒళ్ళో పెట్టుకుని గుంత గట్టున కూర్చుంది. నడుము లోతు చాలునని నేను ఆగితే, "ఇంకా," అంది. బొగ్గులు పలచగా పోస్తే, "ఇంకా," అంది. ఆ రోజంతా నాతో ఆమె అన్నది ఆ ఒక్క మాటే. తవ్వే కొద్దీ చేతులు బొబ్బలెక్కాయి. ఒక్క రోజు పని. పదమూడేళ్ళ కింద ఆ చేన్లో నేను ఎగ్గొట్టిన పని ఇంతే కదా అనుకుంటే ఏడుపొచ్చింది. చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను.

సాయంత్రానికి వైరు కలిపాను. నాగేశ్వర కదిరి నుంచి తెచ్చిన, లీకును కనిపెట్టే చిన్న డబ్బా బోర్డులో బిగించాను. స్విచ్చు వెయ్యగానే టక్‌మని పడిపోయింది. ఏడాదిగా నాకు పట్టని సంగతి దానికి క్షణంలో తెలిసింది. గీజరు విప్పి చూస్తే నీళ్ళు కాచే కాయిలు పగిలి ఉంది. తనకల్లు అంగడిలో కొత్తది తెచ్చి, అదీ మార్చి మళ్ళీ వేశాను. ఈసారి నిలబడింది. టెస్టరు పెడితే వెలగలేదు.

"అయిపోయింది వదినా. ఇంక భయం లేదు."

కదిరమ్మ బిడ్డను రామక్కకు ఇచ్చి లేచి వచ్చింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"చెప్పులు ఇడువు," అంది.

విడిచాను. నా పాదాల మీద ఆ నీళ్ళు గుమ్మరించింది.

"స్విచ్చు వేసే ఉండాది గదా? పట్టుకో దాన్ని."

ఇరవై రెండేళ్ళలో వందల ఇండ్లకు కరెంటు ఇచ్చాను. నేను చేసిన పనిని తడికాళ్ళతో, వట్టి చేత్తో, నిండు కరెంటులో పట్టుకోమని నన్నెవరూ అడగలేదు. చెయ్యి పైకి లేవలేదు. టెస్టరు చెప్పినా, డబ్బా చెప్పినా నాకు నమ్మకం చాలలేదు, ఎందుకంటే చేసింది నేను. అప్పుడు నా నోట మాట దానంతటదే వచ్చేసింది.

"వదినా, అన్న స్టార్టరుకు వైరు నేను దింపలేదు. రాయి తగిలింది, ఎండగా ఉందని వచ్చేస్తి. నీతో అబద్ధం చెప్తి. ఆ వైరుంటే..."

"పట్టుకో," అంది ఆమె.

కళ్ళు మూసుకుని పట్టుకున్నాను. గీజరు వెచ్చగా ఉంది. లోపల నీళ్ళు కాగుతున్న సన్నటి చప్పుడు అరచేతికి తెలుస్తోంది. ఇంకేమీ లేదు. కళ్ళు తెరిచేసరికి ఆమె నా చెయ్యి వైపే చూస్తోంది.

"ఏమైనా అయిందా?"

"ఏమీ కాలేదు వదినా."

"మీ అన్నకు గూడా ఏమీ అయ్యేది గాదు," అంది కదిరమ్మ.